బేస్ యాంప్ గుయ్యిమంటోందా? ఒక్కొక్కటే పీకి చూడండి

బేస్ గిటార్ యాంప్ ఆన్ చేశారు. ఇంకా తీగ మీద వేలు కూడా పెట్టలేదు, అప్పుడే స్పీకర్లోంచి గుయ్యిమని ఒకటే రొద. ఇలాంటప్పుడు పక్కన ఎవరో ఒకరు ఉండనే ఉంటారు. "ఎర్త్ పిన్ను తీసేయ్, పోతుంది" అంటారు ఒకరు. కేబుల్ మార్చమంటారు ఇంకొకరు. నాయిస్ గేట్ పెడల్ (వాయించనప్పుడు శబ్దాన్ని మూసేసే పెట్టె) కొనమని మూడో ఆయన సలహా. మొదటిది ప్రాణాల మీదికి తెచ్చేది. రెండోది ఒక్కోసారి పనిచేస్తుంది. మూడోది రోగాన్ని వదిలేసి మూలుగును మాత్రం ఆపుతుంది.

రొద ఎక్కడ పుడుతోందో తేలేదాకా ఒక్క రూపాయి కూడా ఖర్చు పెట్టకండి. బేస్ నుంచి స్పీకర్ దాకా ఉన్న దారిలో ఒక్కొక్కటే తీసేస్తూ, ఏది తీసినప్పుడు శబ్దం ఆగిందో చూసుకోవడమే ఇందులో ఉన్న పనంతా. బాగా పనిచేస్తుందని తెలిసిన కేబుల్ ఒకటి, చవక రకం మల్టీమీటర్ ఒకటి దగ్గర పెట్టుకోండి. మల్టీమీటర్ లేకపోయినా సగం దూరం వెళ్లొచ్చు.

ముందు ఊరికే వినండి

అన్ని రొదలూ ఒకటి కావు. లావుగా, నున్నగా, ఆగకుండా "గుంయ్" అని వస్తే అది హమ్. దానికే పదును పట్టినట్టు, కాస్త గరుగ్గా "జర్ర్" అని వస్తే బజ్. ప్రెషర్ కుక్కర్ ఆవిరిలా "బుస్స్" అంటే హిస్. నాబ్ తిప్పినా కేబుల్ కదిపినా గరగరమంటే ఎక్కడో కాంటాక్ట్ సరిగా లేదు. ఉండుండి "టిటిట్ టిటిట్" అంటే యాంప్‌కు దగ్గర్లో మీ ఫోన్ ఉంది, తీసి గదికి అవతల పెట్టండి. వాయించినప్పుడు మాత్రమే వచ్చి, తీగ ఆగితే తానూ ఆగిపోయే శబ్దమైతే కరెంటుకు సంబంధం లేదు. నేరుగా ఈ వ్యాసంలో చివరి భాగానికి వెళ్లండి.

హమ్‌ని పట్టుకోవడానికి బేసిస్టులకు ఒక సౌకర్యం ఉంది. మన కరెంటు 50 హెర్ట్‌జ్. బయటి కరెంటు వైర్ల నుంచి దూరే హమ్ 50 దగ్గర ఉంటుంది. యాంప్ లోపల ఏసీని డీసీగా మార్చే సర్క్యూట్ బలహీనపడితే వచ్చేది 100 దగ్గర. లావు ఇ తీగ మీద మూడో ఫ్రెట్‌లో పలికే జి 49 హెర్ట్‌జ్, ఖాళీ జి తీగ 98. ట్యూనింగ్ సరిచేసుకుని ఆ జి తీగను మెల్లగా మీటి రొదతో కలిపి వినండి. సెకనుకు రెండుసార్లు ఊగుతున్నట్టు వినిపిస్తే రొద 100 దగ్గరుందన్నమాట. చిన్న ప్రాక్టీస్ యాంపుల్లోని ఎనిమిది అంగుళాల స్పీకరు 50ని సరిగా పలకలేదు కాబట్టి, అసలు హమ్ 50దే అయినా మీ చెవికి దాని పై స్వరాలే ఎక్కువగా తగులుతాయి. అది గుర్తు పెట్టుకుని తీర్పు చెప్పండి. అమెరికాలో ఉన్నవాళ్లకు ఈ లెక్క 60, 120. అక్కడి హమ్ బి ఫ్లాట్‌కీ బికీ మధ్య ఎటూ కాకుండా పడుతుంది.

యాంప్ ఇన్‌పుట్‌లోంచి పిన్ను పీకండి

వాల్యూమ్ తగ్గించి, యాంప్‌కు గుచ్చిన కేబుల్ పి-38 పిన్నును (పావు అంగుళం లావు పిన్ను) బయటికి లాగండి. ఆక్స్ (ఫోన్ తగిలించే వైరు), పెడల్స్, మిక్సర్‌కు వెళ్లే వైరు అన్నీ తీసేయండి. కరెంటు వైరు, స్పీకరు వైరు మాత్రమే మిగలాలి. ఇప్పుడు వాల్యూమ్‌ను మీరు మామూలుగా వాయించే స్థాయికి తెండి.

రొద అలాగే ఉందంటే తప్పు యాంప్‌లోనో, దానికి వస్తున్న కరెంటులోనో ఉంది. పోయిందంటే బేస్, కేబుల్, పెడల్స్, గది - వీటిలో ఏదో ఒకటి. ఒక్క షరతు: చాలా యాంపుల్లో పిన్ను తీయగానే ఇన్‌పుట్ దానంతటదే ఎర్త్‌కు కలిసిపోతుంది. అంటే పిన్ను తీస్తే నిశ్శబ్దం అయినంత మాత్రాన ప్రీయాంప్ (సిగ్నల్ను మొదట పెంచే భాగం) నూటికి నూరు పాళ్లూ బాగుందని కాదు. అయినా మొదటి అనుమానం బయటి వస్తువుల మీదే పెట్టుకోండి, ఎక్కువసార్లు అదే నిజమవుతుంది.

కేబుల్‌ను యాంప్‌కు గుచ్చి రెండో చివర గాలిలో వదిలేసి "చూడండి, ఎలా అరుస్తోందో" అనేవాళ్లు కనిపిస్తుంటారు. అలా వదిలేస్తే కొత్త కేబులైనా అరుస్తుంది, అది పరీక్ష కాదు. రెండో చివర బేస్‌కు గుచ్చి, బేస్ మీద వాల్యూమ్ పూర్తిగా సున్నా చేయండి. అప్పుడు రొద ఆగి, వాల్యూమ్ పెంచితే వస్తే గొడవ బేస్‌లో ఉంది. సున్నాలో కూడా వస్తుంటే కేబుల్ మీద అనుమానం. జాజ్ బేస్ తరహాలో రెండు వాల్యూమ్‌లున్న వైరింగ్‌లో రెండూ సున్నా చేసినా కాస్త హమ్ మిగలొచ్చు కాబట్టి, అలాంటి బేస్‌తో అయితే నేరుగా కేబుల్ మార్చి చూడటమే మేలు.

కేబుల్ సంగతి

యాంప్‌కు గుచ్చిన చివర, బేస్‌కు గుచ్చిన చివర, మధ్యలో - మూడు చోట్లా మెల్లగా వంచుతూ వినండి. గరగరమన్నా, శబ్దం వచ్చి పోతున్నా ఆ చోటే తప్పు. పిన్ను తొడుగు మరతిప్పి తీస్తే లోపల మధ్యలో ఒక సన్న వైరు, దాని చుట్టూ అల్లిన రాగి వల కనిపిస్తాయి. ఆ వలే షీల్డ్. బయటి కరెంటు రొద మధ్య వైరుకు తగలకుండా ఆపేది అదే. ఆ వల పిన్ను బాడీ దగ్గర ఊడి, ఒకటి రెండు పోగుల మీద వేలాడుతుంటే కేబుల్ మొత్తం రొదను పట్టుకునే యాంటెన్నా అయిపోతుంది. మళ్లీ సోల్డర్ చేస్తే సరి, కొత్తది కొనక్కర్లేదు.

ఇంకో రకం పొరపాటు తరచూ జరుగుతుంది. స్పీకరు కేబుల్‌కూ రెండు వైపులా అవే పి-38 పిన్నులు ఉంటాయి, చూడటానికి తేడా తెలియదు. అందులో రెండు లావు వైర్లు పక్కపక్కనే ఉంటాయి తప్ప షీల్డ్ ఉండదు. దాన్ని బేస్‌కు వాడితే ఎంత మంచి యాంపైనా గుయ్యిమంటుంది. తిరగేసి, గిటార్ కేబుల్‌ను యాంప్ హెడ్‌కూ స్పీకరు క్యాబినెట్‌కూ మధ్య వాడితే ఇంకా ప్రమాదం: సన్న వైరు వేడెక్కుతుంది, యాంపూ దెబ్బతినొచ్చు. రెండు రకాలకూ రెండు రంగుల టేపు చుట్టి పెట్టుకోండి.

బేస్‌ను పట్టుకుని గుండ్రంగా తిరగండి

నవ్వుకోకండి, ఇది నిజంగా పనికొచ్చే పరీక్ష. వాల్యూమ్ పెంచి, బేస్ మెడలో వేసుకుని, నిల్చున్న చోటే మెల్లగా చుట్టూ తిరగండి. ఒక దిక్కుకు తిరిగినప్పుడు రొద పెరిగి, ఇంకో దిక్కుకు దాదాపు మాయమైతే తీగల కింద ఉండే పికప్‌లు గదిలోని అయస్కాంత క్షేత్రాన్ని పట్టుకుంటున్నాయి. యాంప్ లోపలి ట్రాన్స్‌ఫార్మరే దానికి మూలం కావొచ్చు; అందుకే యాంప్‌ను ఆనుకుని కూర్చుని వాయించేవాళ్లకు ఈ బాధ ఎక్కువ. రెండు మూడు అడుగులు దూరం జరగండి.

సింగిల్ కాయిల్ పికప్‌ల స్వభావమే అది. 1951లో వచ్చిన ఫెండర్ ప్రెసిషన్ బేస్‌లో ఒకే కాయిల్ ఉండేది. 1957లో దాన్ని రెండు ముక్కలు చేసి, ఒకటి పట్టిన హమ్‌ను ఇంకొకటి కొట్టేసేలా పెట్టారు. ఇప్పటి ప్రెసిషన్ (పి-బేస్) నమూనాలు దాదాపు అన్నీ ఆ పద్ధతిలోనివే. 1960 నాటి జాజ్ బేస్‌లో విడివిడిగా రెండు సింగిల్ కాయిల్ పికప్‌లు. రెండు వాల్యూమ్‌లూ సమానంగా పెడితే ఒకదాని హమ్‌ను ఇంకొకటి కొట్టేస్తుంది. ఒకటి తగ్గించగానే హమ్ లేస్తుంది. కాబట్టి మీది జాజ్ బేస్ తరహా అయి, బ్రిడ్జి పికప్ ఒక్కటే పెట్టి వాయిస్తుంటే ఆ హమ్ రిపేరు కాదు, ఆ పరికరం గుణం. రెండూ పూర్తిగా తెరిచి వినండి. పోతే బేస్‌లో ఏ లోపమూ లేదు. ఆ టోన్ నచ్చకపోతే, సింగిల్ కాయిల్ చోట అమరేలా హమ్ లేకుండా చేసిన పికప్‌లు దొరుకుతాయి, అయితే అవి కాస్త ఖరీదు.

ఇక ముట్టుకుని చూసే పరీక్ష. చేయి తీగల మీద పెడితే రొద తగ్గి, తీస్తే పెరుగుతోందా? కంగారు పడకండి. చాలా బేస్‌లు అంతే. మీ శరీరం గదిలోని రొదను పట్టి పికప్‌ల దగ్గరికి తెస్తుంది. తీగలు ముట్టుకుంటే మీరూ ఎర్త్‌కు కలుస్తారు, రొద తగ్గుతుంది. అంటే లోపల వైరింగ్ సరిగానే ఉంది, షీల్డింగే తక్కువ. తీగలు ముట్టుకుంటే ఏ మార్పూ లేకుండా, కేబుల్ పిన్ను లోహం ముట్టుకుంటే మాత్రం తగ్గిందంటే బ్రిడ్జి కిందికి వెళ్లే ఎర్త్ వైరు ఊడిపోయింది. మల్టీమీటర్‌ను కంటిన్యుటీలో పెట్టి, ఒక కొస బ్రిడ్జికి, ఇంకో కొస బేస్ జాక్ బయటి భాగానికి ఆనించండి. బీప్ రాకపోతే అదే. ముట్టుకుంటే రొద పెరిగిందంటే జాక్ దగ్గర రెండు వైర్లూ తారుమారుగా సోల్డర్ అయ్యాయి, లేదా యాంప్‌కు ఎర్త్ అందడం లేదు. ఈ రెండో సంగతి కింద వివరంగా చెబుతాను. తీగలు ముట్టుకుంటే జివ్వుమని షాక్ తగులుతుంటే పరీక్షలన్నీ అక్కడే ఆపేసి, స్విచ్చు కట్టి ప్లగ్గు పీకండి.

షీల్డింగ్ తక్కువని తేలితే ఒక మధ్యాహ్నం పని ఉంది. తీగలు వదులు చేసి, పిక్‌గార్డ్ విప్పి, లోపలి గుంతల గోడలకూ అడుగుకూ, పిక్‌గార్డ్ వెనక వైపూ రాగి టేపు అతికించండి. ముక్కకూ ముక్కకూ మధ్య కంటిన్యుటీ ఉండాలి. జిగురు వైపు కరెంటు పారని రకం టేపైతే కలిసే చోట చుక్క సోల్డర్ వేయండి. చివరికి ఆ టేపును వాల్యూమ్ కంట్రోల్ వెనక ఉండే ఎర్త్‌కు ఒక వైరుతో కలపాలి. కలపకపోతే రాగి అతికించి ప్రయోజనం లేదు. సిగ్నల్ వైరు, జాక్ కొస టేపుకు తగలకుండా చూడండి. తగిలితే శబ్దమే రాదు. ఇదంతా గరుగ్గా వచ్చే బజ్‌ను బాగా తగ్గిస్తుంది. సింగిల్ కాయిల్ పట్టే లావు హమ్ మాత్రం రాగి టేపుకు లొంగదు.

లోపల బ్యాటరీతో నడిచే సర్క్యూట్ ఉన్న యాక్టివ్ బేస్ అయితే ముందు 9 వోల్టుల బ్యాటరీ మార్చి చూడండి. కేబుల్ గుచ్చి వదిలేస్తే బ్యాటరీ రాత్రంతా ఖర్చవుతూనే ఉంటుందని ఇప్పటికీ చాలామందికి తెలియదు.

కరెంటు, ఎర్తింగ్

మన ఇళ్లలో, పందిళ్లలో, చర్చిల్లో వచ్చే రొదల్లో పెద్ద వాటా దీనిదే. ఇక్కడ తొందర పడొద్దు.

ముందు తేలికైనవి. గదిలో ఒక్కొక్క స్విచ్చే కడుతూ రండి. ఫ్యాను రెగ్యులేటరు తిప్పండి. పాతకాలపు పెద్ద డబ్బా రెగ్యులేటరు పాపం ఏమీ చేయదు. మెల్లగా ఎంతైనా తిప్పగలిగే ఎలక్ట్రానిక్ రకం మాత్రం కరెంటు తరంగాన్ని మధ్యలో కోసి పంపుతుంది కాబట్టి "జర్ర్" అనే పదునైన బజ్ పుట్టిస్తుంది. లైట్ల డిమ్మర్లూ అంతే. ఫ్యాను ఫుల్ స్పీడులో ఉన్నప్పుడు బజ్ తగ్గి, రెండులో పెడితే పెరిగిందంటే దొరికినట్టే. ఒకటి రెండు మూడు అని టక్ టక్‌మని ఆగే కెపాసిటర్ రెగ్యులేటరు బిగించుకుంటే సరిపోతుంది. చవక ఎల్ఈడీ బల్బులు, చోక్ పాడైన ట్యూబులైట్లు, ఫోన్ చార్జర్లు, పందిట్లో అయితే సీరియల్ సెట్లు - వీటినీ ఒక్కొక్కటే ఆర్పి చూడండి.

కరెంటు పోయినప్పుడు మాత్రమే రొద వస్తుంటే ఇన్వర్టరును చూడండి. స్క్వేర్ వేవ్ రకంలో ఫ్యానే గుర్రుమంటుంది, ఇక బేస్ యాంప్ ఊరుకుంటుందా? అందులో మీరు చేయగలిగిందేమీ లేదు. సైన్ వేవ్ ఇన్వర్టరుకు మారేదాకా, కరెంటు వచ్చేదాకా యాంప్ లేకుండా ప్రాక్టీస్ చేసుకోండి.

ఇప్పుడు అసలు విషయం. మూడు కన్నాల ప్లగ్ పాయింటులో పైనున్న పెద్ద కన్నం ఎర్త్. యాంప్ ప్లగ్గుకున్న పొడవాటి లావు పిన్ను అందులోకే వెళుతుంది. మూడు పిన్నుల యాంప్‌లో లోహపు బాడీ అంతా, కేబుల్ షీల్డూ, మీ బేస్ తీగలూ ఈ పిన్ను ద్వారానే భూమికి కలుస్తాయి. లోపల ఎప్పుడైనా ఫేజ్ వైరు ఊడి బాడీకి తగిలితే, ఈ దారి ఉంటే ఫ్యూజు పోతుంది లేదా ఎంసీబీ పడుతుంది. లేకపోతే ఆ 230 వోల్టులు మీ వేళ్ల కింద తీగల్లో ఉంటాయి. కాబట్టి ఆ పిన్ను విరగ్గొట్టడం, ఎర్త్ వైరు కత్తిరించడం, రెండు పిన్నుల అడాప్టరు మధ్యలో పెట్టడం - ఏదీ వద్దు. రొద ఆగినా సరే వద్దు.

చాలాచోట్ల పిన్ను ఉంటుంది, ప్లగ్ పాయింటుకు కన్నం ఉంటుంది, దాని వెనక వైరే ఉండదు. పాత ఇళ్లలోనూ, ఎక్స్‌టెన్షన్ బాక్సుల్లోనూ ఇది మామూలే. చవక ఎక్స్‌టెన్షన్ బాక్సు విప్పి చూడండి. మూడు కన్నాలుండి, లోపలికి రెండు వైర్లే వచ్చేవి దొరుకుతాయి. ఎర్త్ లేకపోతే వచ్చే లక్షణాలు ఇలా ఉంటాయి: యాంప్ బాడీ మీద వేలి వెనక భాగంతో మెల్లగా రాస్తే సన్నగా జలజలమంటుంది, టెస్టరు పెడితే మసగ్గా వెలుగుతుంది, బేస్ ముట్టుకుంటే రొద మారుతుంది. పాడుతూ వాయించేవాళ్లకు మైకు పెదవికి తగిలితే చురుక్కుమంటుంది, ఎందుకంటే మైక్‌సెట్ ఎర్త్ అయి ఉంది, మీ యాంప్ కాలేదు.

దీన్ని ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. ఆయన మీటరుతో ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య, ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య కొలుస్తాడు. రెండూ దాదాపు ఒకేలా 230 దగ్గర ఉండాలి. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య రెండు మూడు వోల్టులకు మించకుండా ఉంటే మంచిది. డిజిటల్ మీటరు ఒక్కోసారి లేని ఎర్త్‌ను ఉన్నట్టు చూపిస్తుంది కాబట్టి బల్బు కట్టిన టెస్ట్ ల్యాంపుతో కూడా చూడమనండి. ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య బల్బు నిండుగా వెలగాలి. ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే పడిపోయే రక్షణ స్విచ్చు) ఉన్న ఇంట్లో వెలిగేలోపే అది ట్రిప్ అవుతుంది, అదీ ఎర్త్ ఉన్నట్టు గుర్తే. పెరట్లో ఉప్పూ బొగ్గూ వేసి తీసిన ఎర్త్ గుంత ఉంటే ఎండాకాలంలో ఎండిపోతుంది. వారానికోసారి రెండు బకెట్ల నీళ్లు పోయండి. ఇల్లు కట్టినప్పుడు తప్ప మళ్లీ ఆ గుంత మొహం చూసినవాళ్లు తక్కువ.

రెండు చోట్ల ఎర్త్ అయితే

ఎర్త్ లేకపోవడం ఒక సమస్య, రెండు దారుల్లో ఉండటం ఇంకో సమస్య. యాంప్ ఒక ప్లగ్ పాయింటులో ఉంది, మిక్సర్ హాలుకు అవతల ఇంకో పాయింటులో ఉంది, రెంటినీ కలుపుతూ డీఐ వైరు (యాంప్ నుంచి మిక్సర్‌కు బేస్ శబ్దం పంపేది) వెళుతోంది అనుకోండి. ఎర్త్ ఒక వలయమైంది. ఆ రెండు పాయింట్ల ఎర్త్‌లకూ మధ్య కొద్దిపాటి వోల్టేజీ తేడా ఉన్నా, కేబుల్ షీల్డ్ గుండా కరెంటు పారి హమ్ వస్తుంది. డీఐ వైరు తీయగానే హమ్ మాయమైతే ఇదే. దీనికి పరిష్కారాలు వరసగా చెబుతున్నాను. ముందు రెంటినీ ఒకే పాయింటు నుంచి, మంచి ఎక్స్‌టెన్షన్‌తో నడపండి. కుదరకపోతే యాంప్ వెనక ఎక్స్ఎల్ఆర్ జాక్ (మిక్సర్ వైరు గుచ్చే చోటు) దగ్గర ఉండే గ్రౌండ్ లిఫ్ట్ మీట నొక్కండి. అది సిగ్నల్ కేబుల్ షీల్డ్‌ను మాత్రమే విడదీస్తుంది, కరెంటు ఎర్త్‌ను ముట్టదు కాబట్టి భయం లేదు. అదీ లేని యాంపైతే ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న పాసివ్ డీఐ బాక్సు మధ్యలో పెట్టండి. సౌండ్ వాళ్లు "యాంప్ ఎర్త్ తీసేయండి బ్రదర్" అంటే ఈ మీట చూపించండి.

ఇంట్లో ఇదే గొడవ లాప్‌టాప్‌తో, ఫోన్‌తో వస్తుంది. యూట్యూబ్‌లో ట్రాక్ పెట్టుకుని ఆక్స్‌లో వాయించేటప్పుడు ఫోన్‌కు చార్జరు పెట్టి ఉంటే సన్నని కీచుమనే రొద. చార్జరు పీకండి, అయిపోయింది. రికార్డింగ్‌కు లాప్‌టాప్ బ్యాటరీ మీద నడిపి చూడండి. రొద పోతే గొడవ దాని అడాప్టరు దారిలోనే ఉంది.

పెడల్స్

బోర్డు మొత్తం దాటేసి బేస్‌ను నేరుగా యాంప్‌కు గుచ్చండి. రొద పోతే పెడల్స్‌లో ఉంది. ఒక్కొక్కటే మళ్లీ చేర్చుకుంటూ రండి. ఒకే అడాప్టరు నుంచి గొలుసులా అన్నింటికీ కరెంటు ఇచ్చే వైరుంటే అనుమానం దాని మీదే, ముఖ్యంగా డిజిటల్ పెడల్ ఒకటి ఆ గొలుసులో ఉంటే. అనుమానం ఉన్న పెడల్‌కు బ్యాటరీ పెట్టి చూడండి. నిశ్శబ్దం అయితే పెడల్ మంచిదే, అడాప్టరే చెడ్డది. విడివిడి అవుట్‌పుట్‌లున్న ఐసొలేటెడ్ పవర్ సప్లై కొంటే ఆ డబ్బు వృథా కాదు. డ్రైవ్, కంప్రెసర్ పెడల్స్ మాత్రం తమకు ముందున్న రొదను కూడా పెంచి పంపుతాయి, వాటిని తిట్టి లాభం లేదు.

యాంప్ లోనే ఉంటే

అన్నీ పీకేసినా రొద ఉందనుకోండి. మాస్టర్ వాల్యూమ్ సున్నాకు తెండి. తగ్గితే రొద ప్రీయాంప్ వైపు నుంచి వస్తోంది. సున్నాలో కూడా అంతే గట్టిగా ఉంటే పవర్ యాంప్ వైపు, లేదా లోపలి కరెంటు సర్క్యూట్.

రొద బుస్స్ రకమైతే ముందు గెయిన్ తగ్గించి మాస్టర్ పెంచి చూడండి, తరవాత ట్రెబుల్ తగ్గించండి. క్యాబినెట్ వెనక ట్వీటరు (సన్న శబ్దాల చిన్న స్పీకరు) నాబ్ ఉంటే దాన్ని సున్నా చేయండి. బేస్ యాంప్ హిస్ చాలామటుకు ఆ చిన్న ట్వీటరు నుంచే వినిపిస్తుంది. గరగర అయితే కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే తెచ్చి, ప్లగ్గు పీకి, నాబ్‌ల సందుల్లో కొద్దిగా కొట్టి ఇటూ అటూ పదిహేను ఇరవైసార్లు తిప్పండి.

ఎఫెక్ట్స్ లూప్ (పెడల్స్ తగిలించే సెండ్, రిటర్న్ జాక్‌ల జంట) ఉన్న యాంపుల్లో ఒక చిట్కా. సెండ్ నుంచి రిటర్న్‌కు చిన్న కేబుల్ ఒకటి గుచ్చండి. రొద, శబ్దం తెగిపోవడం వెంటనే సర్దుకుంటే రిటర్న్ జాక్ లోపలి స్విచ్ కాంటాక్టుకు తుప్పు పట్టింది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో, లూప్ ఎప్పుడూ వాడని యాంపులకు ఇది త్వరగా వస్తుంది. క్లీనర్ కొట్టి పిన్ను పదిసార్లు గుచ్చి తీస్తే మామూలుగా పోతుంది.

అంతకు మించి లోపల చేయి పెట్టకండి. పాత యాంప్‌లో నాబ్‌లతో సంబంధం లేకుండా 100 హెర్ట్‌జ్ హమ్ వస్తుంటే ఫిల్టర్ కెపాసిటర్లు ఎండిపోయి ఉండొచ్చు. వాటిని మార్చడం తెలిసిన మెకానిక్‌కు పెద్ద పని కాదు, కానీ ప్లగ్గు పీకేశాక కూడా వాటిలో కరెంటు నిల్వ ఉంటుంది. ట్యూబ్ యాంప్ అయితే ఆ వోల్టేజీ వందల్లో ఉంటుంది. 1969లో వచ్చిన 300 వాట్ల ఆంపెగ్ ఎస్‌వీటీ లాంటి వాటిలో పద్నాలుగు ట్యూబులుంటాయి, అవుట్‌పుట్ ట్యూబుల్లో ఒకటి బలహీనపడి తక్కినవాటితో జత తప్పినా హమ్ మొదలవుతుంది. ట్యూబ్ యాంప్‌ను స్పీకరు తగిలించకుండా ఆన్ చేసి పరీక్షించొద్దు.

వాయించినప్పుడు మాత్రమే వస్తే

బేస్‌ను యాంప్ నుంచి తీసి, తల భాగం దగ్గర చెవి ఆనించి వాయించండి. జరజర అక్కడే వినిపిస్తే తీగ ఫ్రెట్‌కు తగులుతోంది. మెడ వంపు చూడాలి: ఇ తీగను మొదటి ఫ్రెట్‌లో ఒక వేలితో, చివరి ఫ్రెట్‌లో ఇంకో చేత్తో నొక్కి పట్టుకుని, ఏడు ఎనిమిది ఫ్రెట్ల దగ్గర తీగ కింద సందు చూడండి. విజిటింగ్ కార్డు కాస్త బిగువుగా దూరేటంత ఉండాలి. అసలు సందే లేకపోతే మెడ లోపలి లోహపు కడ్డీ అయిన ట్రస్ రాడ్‌ను పావు చుట్టు వదులు చేసి, ఒక రోజు ఆగి మళ్లీ చూడండి. వానాకాలంలో, ఎండాకాలంలో మెడ కదులుతుంది కాబట్టి ఏడాదికి రెండుసార్లు ఈ పని తప్పదు. సందు బాగానే ఉండి పై ఫ్రెట్లలోనే జరజర వస్తే బ్రిడ్జి దగ్గర తీగ ఎత్తు పెంచండి.

బేస్‌లో ఏమీ లేకపోతే క్యాబినెట్ ముందు కూర్చుని, ఇ తీగ నుంచి ఒక్కొక్క ఫ్రెట్టే పైకి వాయిస్తూ వెళ్లండి. ఏదో ఒక స్వరం దగ్గర రొద లేస్తుంది. ఆ స్వరాన్నే ఎవరితోనైనా వాయించమని, మీరు గ్రిల్‌ను, చేతిపిడిని, స్పీకరు స్క్రూలను, వెనక జాక్ పలకను ఒక్కొక్కటే అరచేత్తో నొక్కి చూడండి. ఏది నొక్కితే ఆగిందో దాన్ని బిగించండి. ఏదీ కాకపోతే గదిలో వెతకండి: కిటికీ అద్దం, బీరువా మీది స్టీలు డబ్బాలు, డ్రమ్స్ ఉంటే స్నేర్ కింది తీగలు. స్పీకరు కోన్‌ను రెండు బొటనవేళ్లతో సమానంగా మెల్లగా లోపలికి నొక్కినప్పుడు గీరుకున్నట్టు చప్పుడైతే వాయిస్ కాయిల్ రాస్తోంది, స్పీకరు రీకోన్ చేయించాలి.

మెకానిక్ దగ్గరికి వెళ్లాల్సి వస్తే "రొద వస్తోంది" అని మాత్రమే చెప్పకండి. ఇన్‌పుట్ ఖాళీగా ఉన్నా వస్తోందా, మాస్టర్ సున్నాలో ఉంటే తగ్గుతోందా, వేరే ఇంట్లో వేరే పాయింటులో పెట్టినా ఉందా, ఆన్ చేయగానే వస్తోందా లేక వేడెక్కాక వస్తోందా - ఈ నాలుగూ కాగితం మీద రాసి యాంప్‌కు అతికించి ఇవ్వండి. రొద వినిపించేలా ఫోన్‌లో చిన్న వీడియో తీసి పంపండి. షాపులో ఎర్త్ బాగుండి, అక్కడ యాంప్ నోరు మెదపకపోవచ్చు.